గురి తప్పని చెయ్యి

అక్టోబర్ 6, సోమవారం. బెంటన్‌విల్, అమెరికా

మనవరాలు ఆద్యకి స్నానం అయ్యేసరికి పదకొండు దాటింది. పొద్దున్నుంచి చేసిన పని అదొక్కటే, అయినా బస్తాలు మోసినట్టుంది ఒళ్ళు. కాకినాడలో ఇంత అలసట ఎప్పుడూ ఎరగను. ఈ ఊరి గాలే అంత అనుకుంటాను.

బాత్‌టబ్‌లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి పోస్తాను. నువ్వుల నూనె, సున్నిపిండి. సబ్బు ముట్టనివ్వను. మా అమ్మాయి ప్రణవిని పెంచింది కూడా ఇలాగే, దాని ఒళ్ళు ఇప్పటికీ పట్టులా ఉంటుంది. మొదటి వారం సాంబ్రాణి వేస్తే పొగ అలారం గోల పెట్టింది. అల్లుడు సృజన్ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, ఆఫీసు మీటింగు వదిలేసి పై గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. అప్పట్నుంచి సాంబ్రాణికి గరాజే గతి.

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టబోతే టకటకమంది. ప్రణవి తలెత్తి చూసింది. "ఆ ఏసీ కట్టెయ్యవే, కొంకర్లు పోతున్నాను" అన్నాను. ఏసీ వెయ్యనే లేదట.

ఈ పెన్ను బాగాలేదు. అక్షరాలు చిన్నవైపోతున్నాయి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. కంపాసు లేకుండా బోర్డు మీద వృత్తం గీస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

అక్టోబర్ 8

కొత్త పెన్ను తెప్పించాను. అక్షరాలు చిన్నవే. ఇక్కడి కాగితం మరీ నునుపు.

అక్టోబర్ 9

చలి.

అక్టోబర్ 11, శనివారం

నోరు ఊరుకుంటే కదా!

రాత్రి భోజనాల దగ్గర సృజన్ తన షూటింగ్ రేంజ్ గురించి చెబుతున్నాడు. నెలకోసారి స్నేహితులతో వెళ్ళి తుపాకీతో కాగితాల్ని చిల్లులు పొడిచి వస్తాడు. గ్రీన్‌కార్డు వచ్చినప్పట్నుంచి అదొక సరదా. ప్రణవి వినీ విననట్టు తింటోంది. నేనేమో ఊరికే ఉండకుండా, "మేమూ కాల్చాం లెండి, ఎన్‌సీసీలో. పాయింట్ టూ టూ రైఫిలు" అన్నాను.

అతను చెయ్యి కంచంలో పెట్టి అలాగే ఉండిపోయాడు. "నిజంగనా అత్తమ్మా? మీరు రైఫిల్ కొట్టిండ్రా?"

"కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు. మా బ్యాచ్‌లో నేనే ఫస్ట్."

"ప్రణవీ, మీ అమ్మ షూటర్ అని పెళ్ళికి ముందు చెప్పలేదేంది? జర భయంతోని ఉంటుంటి కదా!"

అతనిది హనుమకొండ. నవ్వితే ఇల్లంతా వినపడుతుంది. పాప ఉలిక్కిపడి లేచింది.

ఇక పట్టుకున్నాడు, వచ్చే శనివారం నన్ను తీసుకెళ్తాడట. ప్రణవి ఇంతెత్తున లేచింది. "పిచ్చా సృజన్? అమ్మది విజిటర్ వీసా. గన్ ముట్టుకుంటే క్రైమ్. మీ టీమ్‌లో కొత్తగా వచ్చినతను గన్ పట్టుకున్న ఫొటో పెట్టి, వీసా భయంతో మళ్ళీ డిలీట్ చేసుకోలేదా?"

"హంటింగ్ లైసెన్స్ ఉంటే ఓకే. లాలోనే ఉంది. ఆన్‌లైన్‌లో తీసుకుందాం."

వేట లైసెన్సు! కేకులో గుడ్డుందేమో అని అడిగి మరీ తినేదాన్ని, నాకు వేట లైసెన్సు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదికి ముందు పుట్టినవాళ్ళకి ఈ రాష్ట్రంలో వేట క్లాసు కూడా అక్కర్లేదట. ముసలితనం మొదటిసారి అక్కరకొచ్చింది.

వద్దనాల్సింది. అనలేదు. ఎందుకనలేదో రాస్తాను, ఇది ఎవరూ చదివేది కాదుగా. నవంబర్ మూడున ప్రణవి ఆఫీసుకి వెళ్ళిపోతుంది. ఆ రోజు నుంచి పొద్దుట ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా పాపా, నేనూ. అందుకే కదా సముద్రాలు దాటి వచ్చాను. ఈమధ్య కుడిచేతికి ఏదో అవుతోంది. చలికే అయ్యుంటుంది. కానీ ఒకసారి చూసుకుంటే మంచిది కదా. తుపాకీ మొహమాటపడదు. గుండు మధ్యలో పడితే చెయ్యి బాగున్నట్టే. ఇక ఆ ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

అక్టోబర్ 12

కాకినాడకి ఫోన్ చేశాను. ఆయనకి లైసెన్సు సంగతి చెబితే, "జింకా, కుందేలా? వచ్చేటప్పుడు చర్మం తేవే, మీద కూర్చుని జపం చేసుకుంటాను" అన్నారు. ఒక్కరే ఉండి బాగా ముదిరారు. అప్పుడే కాఫీ కలుపుకుంటున్నారు. వీడియోలో చూస్తే గ్లాసు నిండా పోసుకున్నారు. నాకు మాత్రం ఎప్పుడూ సగం గ్లాసే ఇచ్చేవారు. అదీ మగబుద్ధి.

అక్టోబర్ 16, గురువారం

స్నానం పోస్తుంటే చెంబు జారింది. పాప మీద కాదు. పక్కన టబ్బులో పడింది, నీళ్ళు అటే పోయాయి. చప్పుడుకి ప్రణవి గదిలోంచి, "ఏమైందమ్మా?" అని అరిచింది.

"సబ్బే, జారింది" అన్నాను.

సబ్బే. సబ్బు జారుడుగా ఉంటుంది.

అక్టోబర్ 18, శనివారం

వెళ్ళాం, వచ్చాం. రాయకుండా పడుకోలేను.

ముందు వేషం. ప్రణవి రాత్రే చెప్పింది, మెడ దాకా మూసిన చొక్కా వేసుకోవాలట. కాల్చాక ఖాళీ తూటా గొట్టాలు వేడివేడిగా ఎగిరి మెడలో పడతాయట. దాని టీషర్టు, దాని బూట్లు, నా సల్వారు. మంగళసూత్రం చొక్కా లోపలికి, బొట్టు మాత్రం అలాగే. అద్దంలో చూసుకుంటే ఎన్‌సీసీ వసంతలక్ష్మి కనపడలేదు గానీ, ఎవరో ఒకావిడ కనపడింది, ఫరవాలేదు.

రేంజ్ ఊరవతల హైవే పక్కన ఉంది. ముందంతా దుకాణం. చేపల గాలాలు, బూట్లు, చాక్లెట్లు, ఆ పక్కనే గోడ నిండా తుపాకులు, మన చీరల షాపులో చీరలు వేలాడదీసినట్టు. ఏది జరిగినా మాదే బాధ్యత అని సంతకం పెట్టాలి. సంతకం పెన్నుతో కాదు, తెర మీద వేలితో. అడ్డదిడ్డంగా వచ్చింది. వేలితో పెడితే ఎవరికైనా అలాగే వస్తుంది.

కౌంటర్ దగ్గర డేల్ అనే పెద్దాయన నా పాస్‌పోర్టు చూసి, వేట లైసెన్సు చూసి, మళ్ళీ నన్ను చూశాడు. ఏం వేటాడతారు మేడమ్ అన్నాడు.

"నథింగ్. ఐ యామ్ వెజిటేరియన్" అన్నాను.

అతను పగలబడి నవ్వి లోపల ఎవరినో పిలిచి మరీ చెప్పాడు. సృజన్ నాకన్నా ఎక్కువ పొంగిపోయాడు.

లోపల ఆ చప్పుడు చెవుల్లో కాదు, గుండెల్లో మోగుతుంది. చెవులకి డిప్పలు పెట్టుకున్నా అంతే. పక్క వరుసలో ఎవరిదో పుట్టినరోజు. తల్లి, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు వంతులవారీగా కాలుస్తూ చప్పట్లు కొట్టుకుంటున్నారు. వీళ్ళకిది ఎగ్జిబిషన్‌లో జెయింట్‌వీల్ ఎక్కడం లాంటిది. నాకు మాత్రం వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు పీకుతున్నాయి. ఎందుకొచ్చానురా భగవంతుడా అనుకున్నాను.

సృజన్ పిస్తోలు ఇవ్వబోతే వద్దన్నాను. నిలబడి, చెయ్యి చాపి కాల్చడం మాకు నేర్పలేదు. రైఫిలే కావాలన్నాను. డేల్ పాయింట్ టూ టూ తెచ్చి, బల్ల ముందు కుర్చీ వేసి, తుపాకీ కింద ఇసుక సంచి పెట్టాడు. ఎదురుగా కాగితం మీద గుండ్రాలు, గుండ్రాల్లో గుండ్రాలు.

తుపాకీ చెక్క మడమ భుజానికి ఆనగానే ఒంట్లోకి ఏదో వచ్చింది. మా ఎన్‌సీసీ హవల్దారు గొంతు. ఊపిరి సగం వదులు, ఆపు, వేలితో గుంజకు, నొక్కు. కాల్చాను. మళ్ళీ కాల్చాను. చెవి డిప్పల్లో నా ఊపిరి నాకే వినపడుతోంది. చెయ్యి రాయిలా ఉంది. చెయ్యి రాయిలా ఉంది! ఎన్నాళ్ళైందో అలా ఉండి. ఏడుపొచ్చింది, కళ్ళజోడు ఉంది కాబట్టి సరిపోయింది.

కాగితం దగ్గరికి లాగి చూస్తే ఒకటో రెండో తప్ప అన్నీ నల్ల గుండ్రంలోనే. సృజన్ ఫోన్‌లో వీడియో తీస్తూ ఎగురుతున్నాడు. "అత్తమ్మా, మీరు మామూలోళ్ళు కాదు! నేను రెండేండ్ల సంది కొడుతున్న, నాకెప్పుడు ఇట్ల రాలే!"

వచ్చేటప్పుడు దారిలో కాఫీ కొన్నాడు. రెండు చేతులతో పట్టుకుని తాగాను. వేడిగా ఉంది కదా, అందుకు.

చెయ్యి బాగుంది. తుపాకీ చెప్పింది.

అక్టోబర్ 19

కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించారు, అయస్కాంతం పెట్టి. సృజన్ ఆ వీడియోని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ మెచ్చుకునేవాళ్ళే. మా ఆడపడుచు "వదినా, ఇక అన్నయ్య జాగ్రత్తగా ఉండాలి" అని రాసింది. ఆయన మాత్రం ఏమీ రాయలేదు. ఆయనకి ఫోన్‌లో రాయడం బద్ధకం.

పాపకి స్నానం పోశాను. చెయ్యి బాగుంది.

అక్టోబర్ 20, దీపావళి

ప్రమిదల్లో నూనె ప్రణవి పోసింది. నేనే పొయ్యమన్నాను. పెళ్ళయిన పిల్ల, దాని ఇంట్లో అదే పొయ్యాలి.

అక్టోబర్ 22, బుధవారం

ప్రణవీ, సృజనూ పాపని డాక్టరు దగ్గరికి టీకాకి తీసుకెళ్ళారు. ఒక్కదాన్నే ఉన్నాను. ఉబుసుపోక ఆ వీడియో పెట్టాను.

కాల్చడం అయ్యాక తుపాకీ బల్ల మీద పెట్టాను. చెవి డిప్పలు తీశాను. సృజన్ పిలిస్తే వెనక్కి తిరిగి ఫోన్ వైపు నవ్వాను. ఎడంచెయ్యి డిప్పలు పట్టుకుని ఉంది. కుడిచెయ్యి ఖాళీగా బల్ల మీద ఉంది. దాని పక్కన ఖాళీ తూటా గొట్టాలు. చెయ్యి ఊరుకోవడం లేదు. వేళ్ళు రూపాయి బిళ్ళలు లెక్కపెడుతున్నట్టు ఆడుతున్నాయి. వాటికి తగిలి ఒక గొట్టం దొర్లి కింద పడింది. నేను నవ్వుతూనే ఉన్నాను.

మళ్ళీ చూశాను. మళ్ళీ మళ్ళీ చూశాను. అందరూ కాగితమే చూసి మెచ్చుకున్నారు. చెయ్యి ఎవరూ చూడలేదు.

ఆయనకి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు. మూడో రింగుకే ఎత్తారు.

"వీడియో చూశారా?"

"చూశాను."

"ఏమీ రాయలేదేం గ్రూపులో?"

"వసంతా, నీకు కాఫీ సగం గ్లాసే ఎందుకు ఇస్తున్నానో ఎప్పుడైనా అడిగావా?" అన్నారు.

పిసినారితనం అనుకున్నాను. ఎన్నిసార్లు దెప్పాను. ఒలికి చెయ్యి కాలుతుందని ఆయన సగమే పోస్తున్నారు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"పోయినేడు శ్రావణమాసం నుంచి. నువ్వే చెబుతావనుకున్నాను. చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మోకాళ్ళ నొప్పికి వెళ్దామన్నావు. ఇంతలో పాప పుట్టే హడావిడి."

"మరి నన్నెందుకు పంపించారు?"

"ఆపితే ఆగేదానివా? అమ్మాయికి చెప్పు వసంతా. పసిపిల్లతో పని."

చెప్పనన్నాను. చెబితే ఏమవుతుందో ఆయనకేం తెలుసు? ఇక్కడి డేకేర్‌లో చోటు కావాలంటే కడుపుతో ఉండగానే పేరు రాయించుకోవాలట. ప్రణవికి కొత్త మేనేజరు. అమ్మ వస్తుంది కదా అన్న ధైర్యంతోనే అది ఏ ఏర్పాటూ చేసుకోలేదు. ఇప్పుడు ఆ అమ్మే పనికిరాదని నా నోటితో నేను చెప్పాలి. ఫోన్ పెట్టేశాను. ఆయన మీద చాలా కోపంగా ఉంది. ఆయన మీద కాదేమో.

అక్టోబర్ 23

ఏదైనా పట్టుకుంటే ఆగుతోంది. పొద్దున్నుంచి చూస్తున్నాను. గరిటె పట్టుకుంటే ఆగుతోంది. పాపని ఎత్తుకుంటే ఆగుతోంది. వదిలితేనే మొదలు. అయితే ఇంక భయం దేనికి? వదలకుండా ఉంటే సరి.

అక్టోబర్ 24

ఇవాళ చెబుతాను.

అక్టోబర్ 25

ప్రణవికి తలనొప్పి. రేపు.

అక్టోబర్ 26

ఇంటికి వాళ్ళ స్నేహితులు వచ్చారు. సృజన్ అందరికీ ఫ్రిజ్ మీద కాగితం చూపించాడు. ఎలా చెప్పను?

అక్టోబర్ 28, మంగళవారం

చెప్పేశాను.

స్నానం పోయడం అయింది. పాపని కాళ్ళ మీద నుంచి ఎత్తి తువ్వాలులోకి తీసుకోవాలి. రోజూ చేసే పనే. చెంబు వదిలి పాపని పట్టుకునే ఆ కొంచెంసేపులోనే చెయ్యి మొదలుపెట్టింది. నూనె ఒళ్ళు. జారింది. ఎడంచేత్తో గుండెకి అదుముకున్నాను. ఏమీ కాలేదు. తల టబ్బుకి తగల్లేదు. అది నా మొహంలోకి చూసి నవ్వింది కూడా. వెర్రిపిల్ల, దానికేం తెలుసు.

ఆ తడి బట్టలతోనే ప్రణవి దగ్గరికి వెళ్ళాను. పాపని దాని ఒళ్ళో పెట్టాను. కుడిచెయ్యి దాని ముందు చాపాను.

అది చెయ్యి చూసింది. నన్ను చూసింది. "ఇదేంటమ్మా?"

"పోయినేటి నుంచి" అన్నాను.

"పోయినేటి నుంచా! నువ్వు రోజూ దానికి వేడినీళ్ళు పోస్తున్నావు! ఒక్క మాట చెప్పకుండా!"

"పట్టుకుంటే ఆగుతుందే. తుపాకీ పట్టుకున్నా ఆగింది. కావాలంటే ఆ వీడియో..."

"పట్టుకోనప్పుడు?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆ రోజు సబ్బు జారిందన్నావు. సున్నిపిండి కదమ్మా నువ్వు వాడేది. నేను కూడా ఏంటీ అనుకుని, మళ్ళీ అడగలేదు." పాపని తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసినా బాగుండేది.

నేను తడి బట్టలతో అలాగే నిలబడ్డాను. ఇంత వయసొచ్చి కూతురి చేత తిట్లు తిన్నాను. తినాల్సినవే.

అక్టోబర్ 29

పాపకి స్నానం లేదు. తడిగుడ్డతో తుడిచింది ప్రణవి. నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది.

అక్టోబర్ 31, శుక్రవారం

హాలోవీన్. వీధిలో పిల్లలంతా దయ్యాల వేషాలు వేసుకుని చాక్లెట్లకి వచ్చారు. నేను గిన్నె ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను, వాళ్ళే తీసుకున్నారు.

సృజన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇతను కూడా తిడతాడేమో అనుకున్నాను. "అత్తమ్మా, నవంబర్ మొత్తం నేను ఇంట్లనే పని చేస్త, మా మేనేజర్‌కి చెప్పిన. డిసెంబర్ల డేకేర్‌ల చోటు దొరికేటట్టుంది. మీరు ఫికర్ చేయకుండ్రి. మా ఫ్రెండ్ వాళ్ళ అక్క న్యూరాలజిస్ట్, ఆదివారం రాత్రి వీడియోల మాట్లాడతది" అన్నాడు.

"అయితే నన్ను పంపించేస్తారా?"

"ఎవరు పంపిస్తున్నరు?" అని, మళ్ళీ, "ఆ వీడియో నేనే తీసిన. నేనే సూడలే" అన్నాడు. అంత నవ్వే మనిషి నవ్వలేదు.

అన్నీ సర్దేసుకున్నారు. నేను లేకపోయినా జరిగిపోతుంది. అదే నాకు కావలసింది కూడా. మరి ఇంత దిగులెందుకో. పనికిరాని వస్తువులా ఒక మూల పెట్టేస్తారు కాబోలు ఇక నన్ను.

అలసటగా ఉంది. ఇవాళ ఆ నెపం ఊరి గాలి మీద నెట్టను.

నవంబర్ 2, ఆదివారం

పొద్దున్నే ప్రణవి బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి పిలిచింది. "అమ్మా, రా."

టబ్బులో పీట మీద అది కూర్చుని ఉంది. నైటీ మోకాళ్ళ పైకి మడుచుకుని, కాళ్ళు చాపుకుని. పక్కన నూనె, సున్నిపిండి, చెంబు. పాప దాని కాళ్ళ మీద కప్పలా కొట్టుకుంటోంది.

"చెప్పు. ఎలా పొయ్యాలి?"

టబ్బు బయట నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. "ముందు మడమలు దగ్గరగా పెట్టు. తల నీ పాదాల మధ్య ఆనాలి. నీళ్ళు నీ మోచేతికి పోసుకుని చూడు. ఇంకొంచెం చల్లవి కలుపు." అది చేస్తోంది, భుజాలు బిగబట్టుకుని, పెదవి కొరుక్కుంటూ. దాని పదో తరగతి లెక్కల పరీక్షకి కూడా ఇలాగే కూర్చుంది. నీళ్ళు ముక్కులోకి పోయి పాప కెవ్వుమంది. నా చేతులు తొడల కింద గింజుకున్నాయి, లాక్కుందామా అని. లాక్కోలేదు.

"ఊపిరి బిగబట్టకే. వదులు. నువ్వు బిగుసుకుంటే అది బిగుసుకుంటుంది."

వదిలింది. పాప ఏడుపు ఆపింది. రెండో చెంబుకి కళ్ళు మూసుకుని తన్మయంగా పడుకుంది. ప్రణవి నా వైపు చూసి నవ్వింది, ఇన్ని రోజుల తర్వాత. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి, లేకపోతే పాప చిమ్మిన నీళ్ళో.

స్నానం అయింది. తువ్వాలులో చుట్టి పాపని నా ఒళ్ళో పెట్టబోయింది.

"వద్దే, పడేస్తాను" అన్నాను.

"నేల మీద కూర్చున్నావు కదమ్మా. ఇక ఎక్కడికి పడుతుంది?"

ఒళ్ళో పెట్టేసి తను బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను చేతులు తొడల కింద నుంచి తీశాను. ఎడంచెయ్యి పాప కింద పెట్టాను. కుడిదానికి పనేమీ లేదు. అలా గాల్లో ఉండిపోయింది.

వణుకుతోంది. నా చెయ్యి వణుకుతోంది. ఆద్య దాన్నే చూసింది, గిలక్కాయ అనుకుందేమో. బోసినోరు తెరిచి నవ్వి, వేలు పట్టుకుంది.